బాదం పలుకు ఎవరికి

పోయినేడు నాన్నని ఇంటికే తీసుకొచ్చాం.
పదకొండు మెట్లు, ఇద్దరం మోసి.
తన కుర్చీలో తనే కూర్చుని
నాలుగు కొట్టేసరికి కోటు గుండీలు పెట్టుకుంటూ
"పొద్దుపోయింది, ఇక ఇంటికెళ్దామా" అన్నాడు.
ఏ ఇంటికని ఎవరం అడగలేదు.

అందుకని ఈసారి క్రిస్మస్సే వచ్చింది
డులూత్ కొండవాలున, నూట పద్నాలుగో గదికి,
ఇరవై రెండో తారీఖునే.
ఇరవై నాలుగున సిబ్బంది సగమే ఉంటారట.
డ్యూటీ చార్టులో పడ్డాక
ఏసు అయినా రెండ్రోజులు ముందే పుట్టాలి.

మూరెడు చెట్టు. కొవ్వొత్తి కూడదు, ప్లగ్గు కూడదు.
హాల్లో ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు
తప్పిన చోటే మళ్ళీ తప్పుతూ.
పాలలో ఉడికిన అన్నం తెచ్చాను, అమ్మ గిన్నెలోనే,
పైన దాల్చినచెక్క పొడి, నడిమధ్య వెన్న గుంట.
నార్వే నుంచి ముత్తాతతో ఓడ దిగిన ఆనవాయితీ:
అన్నంలో ఒకే ఒక్క బాదం పలుకు దాస్తారు,
దొరికినవాళ్ళకి బాదంముద్దతో చేసిన పందిపిల్ల.

గార్మాయి అడ్డంగా తలూపింది.
"గొంతులో పడితేనో?"
ఫైలు తెరిచి చూపించింది. మెత్తనివి మాత్రమే.
సరే, అన్నంలో వెయ్యలేదు.
నాన్న కుడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను.
ఈ ఏడు నువ్వే గెలిచావు నాన్నా.
ఆయన ఆ పిడికిలిని
ఎవరో దాచమన్న సామానులా చూసుకున్నాడు.

ముప్పయ్యొక్క ఏళ్ళు వంతెన ఎత్తిన చెయ్యి.
సరస్సు మీంచి ఓడ కూత పెడితే
అంత ఇనుమునీ పైకి లేపి, దారిచ్చి,
మళ్ళీ మెల్లగా దించేది.
ఇంట్లో దాని చేతివాటం అందరికీ తెలుసు,
తెలియనట్టు ఉండేవాళ్ళం.
తమ్ముడు సీవర్ట్ కాలు విరిగిన ఏడు పలుకు వాడి గిన్నెలో.
నేను పరీక్ష తప్పిన ఏడు నా గిన్నెలో.
ఉయ్యాల ఖాళీగా మిగిలిన ఏడు అమ్మకి.
అమ్మ దాన్ని నమల్లేదు,
ఆ రాత్రంతా బుగ్గన పెట్టుకునే ఉంది.

గార్మాయికీ ఒక గిన్నె ఇచ్చాను.
వద్దు వద్దంటూనే, బూట్లు వదులు చేసుకుని
మంచం చివర కూర్చుంది.
నాలుగున్నరకే కిటికీ నల్లబడింది.
రేవులో ఓడ ఒకటి కూసింది, పొడుగ్గా.
మేమిద్దరం అటు చూశాం.
నాన్న చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.
వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి.
ఖాళీ.

గుండె జారింది. మింగేశాడా?
గార్మాయి గ్లౌజు తొడిగిన వేలితో బుగ్గలు వెతికింది.
నేను దుప్పటి దులిపాను,
చక్రాల కుర్చీ కింద దోగాడాను
ఈ వయసులో.
ఆయన మాత్రం చెయ్యెత్తి అలాగే ఉన్నాడు,
పనిలో ఉన్న మనిషిలా.

చివరికి తన గిన్నె పక్కన పెట్టబోయింది గార్మాయి.
చెంచాకి టక్కున తగిలింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి,
నాకు ముందొచ్చింది అసూయ.
అన్నం వండింది నేను.
నూట అరవై మైళ్ళు మంచులో కారు నడిపింది నేను.
పొద్దుట్నించీ రెండుసార్లు
నువ్వెవరమ్మా అనిపించుకున్నదీ నేనే.

గార్మాయి నవ్వబోయింది.
నవ్వు సగంలో ఆగింది.
పందిపిల్లని రెండు చేతులా పట్టుకుని
కిటికీ వైపు తిరిగి నిలబడింది, చాలాసేపు.

ఆమెకి ఈ ఏడు ఏమైందో నాకు తెలీదు.
వారానికోసారి ఫోనులో
తిన్నాడా, పడుకున్నాడా అనే తప్ప
ఆమెని నేనెప్పుడూ ఏదీ అడగలేదు.

నాన్న చెయ్యి అప్పుడు దిగింది,
తొందరేమీ లేకుండా,
ఓడ పూర్తిగా దాటాక దిగినట్టు.